స్ప్రింగు ఊపిరి

ఆ ఇంట్లో విప్పడాన్ని పని అనేవారు కాదు. పని అంటే బిగించడం. పాత సోఫా ఒకటి గుమ్మంలోకి వచ్చిందంటే దాని మీది గుడ్డను చించి, అంచుల వెంట తుప్పుపట్టిన చీలలను పట్టకారుతో ఒక్కొక్కటే పెరికి, లోపలి పీచునూ పొడిపొడిగా రాలే స్పాంజినీ ఊడదీసి, కర్ర చట్రాన్ని ఎముకలగూడులా నిలబెట్టేది కోడలు. ఆ చట్రానికి పట్టీలు లాగి, స్ప్రింగులు కట్టి, కొత్త గుడ్డ తొడిగేవాడు మామగారు. గమ్ము కొట్టడం, సరుకు తేవడం, తయారైనదాన్ని బండిలో చేరవేయడం ఆమె భర్త వంతు. వచ్చినవాళ్ళు కొత్త గుడ్డ మీద అరచెయ్యి ఆన్చి, "మేస్త్రిగారూ, మీ చేతిలో ఏముందో గానీ!" అని మెచ్చుకునేవారు. విప్పినది ఎవరని ఎవరూ అడగలేదు. అడగవలసిన విషయమని ఆమెకూ తోచలేదు.

పని అంతా ముందుగదిలో. ఉన్న ఒక్క కిటికీకీ గుడ్డ చుట్టలు అడ్డంగా నిలబెట్టి ఉండేవి. తయారైన కుర్చీలను మాత్రం మేడమీది గదిలో తెల్లటి దుప్పట్లు కప్పి ఉంచేవారు. ఆ గదికి రెండు వైపులా కిటికీలు. దుమ్ము సోకితే కొత్త గుడ్డ మాసిపోతుందని మామగారు ఆ గదిని గుడిలా చూసుకునేవాడు; చెప్పులు విప్పకుండా కొడుకును సైతం లోపలికి అడుగుపెట్టనిచ్చేవాడు కాదు.

ఆ వారం ఒక సినిమాహాలువాళ్ళు తమ పాత కుర్చీలు పంపారు. ఎన్ని వేలమంది కూర్చుని లేచారో, ఎంతమంది ఏమేమి ఒలకబోసుకున్నారో, ఆ కుర్చీల్లో అదంతా ఎండి గట్టిపడి ఉంది. గుడ్డ చించగానే బూడిదరంగు పొగలాంటిది లేచి, గదిలో చాలాసేపు దిగకుండా నిలిచేది. పెళ్ళైన కొత్తల్లో ఇలాంటి పనికే ఆమె ఒకసారి ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంది. "ఏమిటమ్మాయ్, దొంగలా ఆ వేషం! వచ్చినవాళ్ళు జడుసుకుంటారు," అని మామగారు నవ్వాడు. ఆయన కసిరి ఉంటే బహుశా ఆమె మరునాడు కూడా కట్టుకునేదే. నవ్వాడు కాబట్టి మానేసింది.

పిల్లి పేరు స్ప్రింగు. బాగుచేయమని ఎవరో పంపిన సోఫా కడుపులోంచి కూనగా ఉన్నప్పుడు ఒక్క గెంతు గెంతి బయటపడిందట. మామగారు ఆ క్షణానే పేరు పెట్టేశాడు. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు. ఆమె ఏ కుర్చీ విప్పుతుంటే దాని పక్కనే పడుకోవడం, ఊడిన పీచును గోళ్ళతో లాగి ఆడుకోవడం దానికి అలవాటు. మామగారి ఒళ్ళో తప్ప ఎవరి ఒళ్ళోనూ కూర్చునేది కాదు. ఆయన నోటినిండా చీలలు పోసుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ తలకిందులుగా తిప్పి పెదవుల మధ్యకు తెచ్చి, అయస్కాంతపు సుత్తి మొనతో అందుకుని కొడుతూ ఉంటే, అది ఆయన మోకాలి మీద ప్రతి దెబ్బకూ చెవులు ఆడిస్తూ కళ్ళు మూసుకునేది.

కుర్చీలు వచ్చిన మరునాడు ఆమె ఒక చట్రాన్ని బోర్లించి కింది గుడ్డ లాగుతూ పిల్లి వైపు చూసింది. అది పక్కకు ఒరిగి పడుకోలేదు. ఛాతీ నేలకు దగ్గరగా పెట్టి, ముందరికాళ్ళు రెండూ ఎడంగా జరిపి, మెడ ముందుకు చాచి కూర్చుంది. పక్కటెముకల వెనక డొక్క లోపలికి పీక్కుపోయి, విడివడి, మళ్ళీ పీక్కుపోతోంది. మామూలుగా పిల్లి ఊపిరి పీల్చుకోవడం కంటికి కనబడదు; ఇప్పుడు కనబడుతోంది. పట్టకారు ఆపి ఆమె కాసేపు చూసింది. చూస్తూ చూస్తూ తన చెయ్యి తన పక్కటెముకల మీదికి పోయిందని ఆలస్యంగా గమనించింది. అక్కడా అదే కదలిక.

దుమ్ము, అనుకుంది. తనకూ ఇలాగే అవుతుంది. పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి నాలుగు గుక్కలు తాగి గోడకు ఆనుకుని నిలబడితే తగ్గుతుంది. లేచి పిల్లి గిన్నెలో నీళ్ళు మార్చి, దాని ముందు పెట్టి, తిరిగి పనిలో కూర్చుంది. పిల్లి నీళ్ళ వైపు చూసింది గానీ తాగలేదు.

ఆ మరునాడు అది మెడ సాగదీసి, నేలకు కరుచుకుపోయి, దగ్గులాంటి చప్పుడు చేసింది. ఏమీ కక్కలేదు. "వెంట్రుకల ఉండ అడ్డం పడిందిలే, అదే కక్కేస్తుంది," అన్నాడు మామగారు చీలల సందులోంచి. మధ్యాహ్నం అది గుడ్డ చుట్టల మీదికి ఎక్కబోయి, తల ఎత్తి పైకి చూసి, ఎక్కకుండానే కూర్చుండిపోయింది. మేడమెట్ల దగ్గర తాను కూడా ఈ మధ్య అలాగే పైకి చూస్తోందని కోడలికి తెలుసు. సాయంత్రం భర్త గమ్ము డబ్బా మూత బిగిస్తూ ఉండగా చెప్పింది.

"ఏమండీ, స్ప్రింగు ఆయాసపడుతోంది."

"నీకు జోడీ కుదిరిందన్నమాట," అన్నాడతను. "ఇన్నాళ్ళూ పిల్లికూతలు నీవొక్కదానివే వినేవాణ్ణి. ఇక రెండు పక్కలా సంగీతమే."

అందులో దురుద్దేశం ఏమీ లేదు. ఆమె ఊపిరిలోని ఈలను అతను ఆ ఇంటి గడియారం చప్పుడులా అలవాటు చేసుకున్నాడు. అలవాటైన చప్పుడు చెవికి చేరదు. ఆమె కూడా నవ్వి, అయస్కాంతం కట్టిన కర్ర తీసుకుంది. పని ఆగగానే గది మూలమూలలా ఆ కర్రను ఈడ్చి, రాలిన చీలలన్నీ ఏరడం రోజూ ఆమె చేసే ఆఖరి పని. చీల ఒకటి వచ్చి అతుక్కున్నప్పుడల్లా టిక్కుమంటుంది. టిక్కుమనడం పూర్తిగా ఆగేదాకా ఆమె ఆపేది కాదు.

మూడోనాడు పిల్లి నోరు తెరిచింది.

ముందు చూసింది మామగారే. ఒక కుర్చీకి అంచు కొట్టడం ముగించి, మోకాలి మీద బరువు లేదేమిటా అని వెతుక్కుంటే, అది తలుపు మూల నాలుక కాస్త బయటపెట్టి, ఎండలో పరిగెత్తి వచ్చిన కుక్కలా నోటితో పీలుస్తోంది. ఆయన నోట్లోని చీలలన్నీ అరచేతిలోకి ఉమ్మేశాడు.

"చీల మింగింది!" అని కేకవేశాడు. "గొంతులో దిగబడింది. ఒరేయ్, టార్చి పట్రా!"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నోట్లో చీలలు పెట్టుకుని బతికినవాడికి మరో కారణం తోచే అవకాశం లేదు. గొంతులో చీల అన్న భయం ఆయనతో అన్నేళ్ళూ కలిసి పనిచేసింది. ఆ భయమే ఇప్పుడు పిల్లిని చూసి నోరు తెరిచింది. చీల గొంతులో ఉన్నదంటే అది నేల మీది నుంచే వెళ్ళి ఉండాలి. నేల మీద మిగిలిందంటే ఎవరో ఏరకుండా వదిలి ఉండాలి. ఆయన కోడలి వైపు తిరిగాడు.

"నిన్న కర్ర తిప్పావా లేదా?"

"తిప్పాను మామయ్యా. మూలలన్నీ తిప్పాను."

"తిప్పితే ఇదెక్కడిది మరి? నా నోట్లోంచి ఎగిరి దాని నోట్లోకి పోయిందా?"

ఆమె నిన్న తిప్పినప్పుడు టిక్కుమనడం ఆగిందో లేదో గుర్తు తెచ్చుకోబోయింది. ఆగే ఉంటుంది. కానీ నిన్న ఆఖర్న ఊపిరి ఆడక కాసేపు కర్రకు ఆనుకుని నిలబడిన సంగతి కూడా గుర్తొచ్చింది. ఆ నిలబడిన చోట తిప్పిందా? ఆ అనుమానం ఒక్కటి చాలు, ఆమె తప్పు ఒప్పేసుకోవడానికి.

భర్త పిల్లి ముందరికాళ్ళు పట్టుకున్నాడు. మామగారు దాని దవడలు విడదీసి టార్చి వేశాడు. ఏమీ కనబడలేదు. అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది: అయస్కాంతం కర్ర తెచ్చి, దాని కొసను పిల్లి గొంతుకు ఆనించి, మెల్లిగా ఛాతీ దాకా జరిపాడు. చీల ఉంటే లాగుతుంది కదా. లాగలేదు. "బొచ్చు ఒత్తుగా ఉంది, పట్టు దొరకడం లేదు," అని మరింత అదిమాడు. పిల్లి విదిలించుకుంది. దాని నాలుక రంగు మారడం కోడలు చూసింది. గులాబీరంగులోంచి, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డ రంగులోకి, అక్కడి నుంచి నీలం వైపు.

"వదలండి!" అంది.

ఆ ఇంట్లో ఆ గొంతుతో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు కనుక, ఇద్దరూ నిజంగానే వదిలేశారు.

"గాలి ఆడనప్పుడు మీద చెయ్యి పడితే ఓర్చుకోలేం మామయ్యా. ఇంకా ఎక్కువవుతుంది. ఎవరూ ముట్టుకోకండి."

ఓర్చుకోలేం అని ఆమె అన్న సంగతి అప్పుడెవరూ పట్టించుకోలేదు. వెదురుబుట్ట తెచ్చి, అడుగున మెత్తటి గుడ్డ ముక్క పరిచి, పిల్లి పక్కన వాల్చి పెట్టింది. అది తనంతట తానే లోపలికి జరిగి కూర్చుంది. బండిలోని కుర్చీలు వీధిలోకి దింపేశారు. పట్టపగలు, పని ఉన్న రోజున, ఆ ఇంటి తలుపు మూసి తాళం వేయడం అదే మొదటిసారి. సినిమాహాలు మేనేజరు ఫోను చేస్తే మామగారు, "ఇంట్లో ప్రాణం మీదికొచ్చిందండీ, మీ కుర్చీలు ఎక్కడికీ పారిపోవు," అని పెట్టేశాడు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కోడలు వెనక, సరుకు వేసే ఖాళీలో, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

జంతువుల డాక్టరు పొట్టి జుట్టున్న మనిషి, నడివయసు ఆవిడ. బుట్టలోకి ఒక్కసారి చూసి, పిల్లిని అద్దాల పెట్టెలాంటి దానిలోకి జార్చి, దానికి గాలిగొట్టం తగిలించింది.

"ముందు ఆ చీల తీయండి డాక్టరమ్మా," అన్నాడు మామగారు.

"ముందు గాలి పెద్దాయనా. చీల సంగతి తర్వాత."

సూది మందు వేసి, పిల్లి కాస్త తేరుకున్నాక ఎక్స్‌రే తీసి, తెర మీద చూపించింది. మామగారు దాదాపు ముక్కు తెరకు ఆనించి వెతికాడు. పక్కటెముకలు తెల్లగా, వరసగా, ఆయన కట్టే స్ప్రింగుల్లాగే ఉన్నాయి.

"ఇనుము ఉంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది," అందామె. "ఏ చీలా లేదు. ఇదిగో, ఈ గాలిగొట్టాల అంచులు చూడండి, మందంగా ఉన్నాయి. లోపల వాచి దారి ఇరుకైపోయింది. ఉబ్బసం అనుకోండి. మీరేం పని చేస్తారు?"

"సోఫాలూ కుర్చీలూ."

"దుమ్ము బాగా లేస్తుందా?"

"ఏదో, కొంచెం," అన్నాడు భర్త.

"గమ్ము కూడా కొడతారా, అదే గదిలో?" అతను తల ఊపాడు. "ఇది ఎప్పుడు మొదలైంది?"

"ఇవాళే," అన్నాడు మామగారు. "పొద్దున్న కూడా బాగానే ఉంది."

"కాదండీ," అంది కోడలు తలుపు దగ్గర నుంచి. "మొన్నే మొదలైంది. డొక్కలు ఎగరేస్తూ కూర్చుంది. నేను చూశాను."

మామగారు గిరుక్కున తిరిగాడు. "చూసి ఊరుకున్నావా! నోరు లేని జీవం, చూసి కూడా చెప్పలేదూ?"

"ఉండండి పెద్దాయనా. మొన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?"

డాక్టరు ఆ ప్రశ్నను కేవలం పిల్లి కోసమే అడిగింది. కోడలూ పిల్లి కోసమే జవాబు చెప్పింది.

"నాకూ అలాగే ఉంటుంది కదండీ. నీళ్ళు తాగి నిలబడితే తగ్గుతుంది. దీనికీ అలాగే తగ్గుతుందిలే అనుకున్నాను."

పెట్టెలోకి గాలి సన్నటి చప్పుడుతో వెళ్తోంది. ఆ చప్పుడులోంచి, వినదలచుకుంటే, ఆమె ఊపిరి కూడా వినబడుతుంది. డాక్టరు వింటోంది.

"మెట్లెక్కితే ఎలా ఉంటుంది?"

"మధ్యలో ఓసారి ఆగుతాను."

"అది దానికి మామూలే డాక్టరుగారూ," అన్నాడు భర్త. "చిన్నప్పటి నుంచీ అంతే."

"చిన్నప్పుడు లేదు," అంది ఆమె. ఎవరినీ నిందించకుండా, లెక్క సరిచేసినట్టుగా.

డాక్టరు మెడలోని స్టెతస్కోపు తీసి, చేతిలో పట్టుకుని, మళ్ళీ మెడలోనే వేసుకుంది. "నేను చూసేది జంతువుల్నమ్మా. నిన్ను చూడవలసినవాళ్ళు వేరే ఉన్నారు. ఈ వెనక వీధిలోనే, మందుల కొట్టు పైన, ఛాతీ డాక్టరు ఉన్నాడు. ఆలస్యం చెయ్యకు." తర్వాత మామగారి వైపు తిరిగి పిల్లి జాగ్రత్తలు చెప్పింది. అది ఆ పనిగదిలోకి రాకూడదు. దుమ్ము, గమ్ము వాసన, అగరుబత్తి పొగ ఏదీ తగలకూడదు. నిద్రపోతున్నప్పుడు డొక్క కదలిక గమనిస్తూ ఉండాలి. మళ్ళీ నోటితో పీలిస్తే, అదే తగ్గుతుందని చూస్తూ కూర్చోకుండా వెంటనే తీసుకురావాలి. గొంతులో వేలు పెట్టడం, నీళ్ళు పోయడం చెయ్యకూడదు. మామగారు ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాడు, ఒక్కటీ తప్పు పోకుండా.

పిల్లిని ఆ పూటకు అక్కడే ఉంచమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీబుట్ట ముందు సీట్లో ఆయన ఒళ్ళోనే ఉంది. చాలా దూరం వచ్చాక, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"అయితే ఆ అయస్కాంతం సరిగ్గానే పనిచేసిందన్నమాట."

క్షమించమనడానికి ఆయనకు వచ్చిన మాటల్లో అదే అన్నిటికంటే దగ్గరిది. కానీ అది అయస్కాంతానికి చేరింది.

మరునాడు పొద్దున్నే ఇల్లు తారుమారైంది. మామగారు మేడమీది గదిలోని కొత్త కుర్చీలన్నీ వరండాలోకి మోయించాడు. దుప్పట్లు ఉతకడానికి వేశాడు. నేలను తానే, మోకాళ్ళ మీద కూర్చుని, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు. కిటికీలు తెరిపించాడు. గాలి ఆ వైపు నుంచి ఈ వైపుకు దూసుకుపోతుంటే గది మధ్యలో నిలబడి గట్టిగా పీల్చి, "ఆఁ, ఇప్పుడు బాగుంది," అన్నాడు. కొడుకు వెళ్ళి పిల్లిని తెచ్చాడు. అది బుట్టలోంచి దిగి, నాలుగు మూలలూ వాసన చూసి, ఎండ పడ్డ చోట పక్కకు ఒరిగి పడుకుంది. మామగారు దాని డొక్క వైపే చూస్తూ చాలాసేపు అక్కడే ఉన్నాడు.

కోడలు గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. నిన్న ఆ గదిలో డాక్టరు రెండు మాటలు చెప్పింది. రెండింటినీ ముగ్గురూ విన్నారు. ఒకదాన్ని చేతులమీద మోసుకుని ఇంటికి తెచ్చి, ఇల్లంతా తుడిచి, కిటికీలు తెరిచారు. రెండోది అక్కడే ఉండిపోయింది. ఆమెకు కోపం రాలేదు. విప్పుతున్న చట్రంలో ఎక్కడ చీల కొట్టి ఉందో కనబడినట్టు, ఆ వరుస కనబడింది, అంతే. ఇందులో తన వంతు కూడా ఉంది. ముందుగా తానే ఆ ఊపిరిని మామూలే అంది. వాళ్ళు ఆమె మాటే నమ్మారు.

"డాక్టరు దగ్గరికి వచ్చేవారం వెళ్దాంలే," అన్నాడు భర్త మెట్లు దిగుతూ. "ఈ హాలువాళ్ళ కుర్చీలు అయిపోనీ."

ఆమె దిగలేదు. కుట్టవలసిన దిండు గలీబులు, వంకర సూది, దారం తెచ్చుకుని పిల్లికి కాస్త ఎడంగా కిటికీ దగ్గర కూర్చుంది.

కింద పట్టకారు ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది. కాసేపటికి మామగారి గొంతు మెట్లెక్కింది.

"అమ్మాయ్! కుర్చీలు ఎవరు విప్పుతారు?"

"ఆ గదిలోకి రాకూడదన్నారు కదా మామయ్యా."

"అన్నది పిల్లిని!"

"దానికి చెప్పింది కూడా ఆవిడే. నాకు చెప్పింది కూడా ఆవిడే."

కింద ఇద్దరూ ఏదో గొణుక్కున్నారు. భర్త మెట్ల మొదట్లోకి వచ్చాడు. "ఏమిటే ఇది? వచ్చేవారం అన్నానుగా."

"స్ప్రింగుకి వచ్చేవారం అన్నామా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే దగ్గు వస్తుంది. అతను చెయ్యి గోడకు ఆన్చి, తీసి, వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత గుడ్డ చిరిగిన చప్పుడు వినబడింది. పట్టకారు చప్పుడు, అలవాటు తప్పిన చేతిది, చీల జారినప్పుడల్లా ఒక తిట్టు. ఆమె సూదిలో దారం ఎక్కించింది. పిల్లి ఒకసారి కళ్ళు తెరిచి మూసింది. కింద ఎవరో దగ్గారు. ఆగి మళ్ళీ దగ్గారు. చాలాసేపు దగ్గారు. అది పెద్దాయన దగ్గు. ఆమె సూది గుచ్చకుండా, అది ఆగేదాకా వింది.

మెట్ల మీద అడుగులు. సగం దాకా వచ్చి ఆగాయి. ఆమె లేచి గుమ్మంలోకి వెళ్ళి చూసింది. మామగారు మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ముక్కుకూ నోటికీ కోరా గుడ్డ ముక్క అడ్డంగా కట్టుకున్నాడు. కనుబొమల మీద బూడిదరంగు నూగు. గుడ్డ లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. ఆమె నవ్వలేదు. దొంగలా ఉన్నారని కూడా అనలేదు.

"ఏ వీధి అంది ఆవిడ?" అన్నాడాయన గుడ్డ లోంచి.

పిల్లి జాగ్రత్తలన్నీ ఒక్కటీ తప్పకుండా అప్పజెప్పినవాడు.

"వెనక వీధి మామయ్యా. మందుల కొట్టు పైన."

ఆయన తల ఊపి, అక్కడే నిలబడి, కొడుకును కేకేశాడు. "ఒరేయ్! బండి తీయరా."

"మరి కుర్చీలు?"

"ఉంటాయి. తియ్యి."

భర్త బండి గుమ్మంలోకి తెచ్చి, ఆమె దిగి వచ్చేసరికి అలవాటుగా వెనక తలుపు తెరిచాడు. తెరిచి, తండ్రి వైపు చూసి, మూసేసి, ముందు తలుపు తీశాడు. సీటు నిండా గోధుమరంగు వెంట్రుకలు. దులుపుదామని చెయ్యి చాచాడు.

"వద్దు, దుమ్ము లేస్తుంది," అని, ఆమె వాటి మీదే కూర్చుంది.